మంచు గడ్డకట్టిన రోజున పదిహేను మందిని నడిపించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. వచ్చే ఆదివారం 15 మందితో 12 కిలోమీటర్ల పల్లె నడకను మొదటిసారిగా మీరు నడిపించబోతున్నారు. దారి పొలాల మీదుగా, ఏటి గట్టు వెంట సాగి, చివరి 2 కిలోమీటర్లు తారు రోడ్డు మీద ముగుస్తుంది. శనివారం రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 4 డిగ్రీలకు పడిపోతుందని, ఆదివారం పగలు 2 డిగ్రీల దాకా పెరుగుతుందని వాతావరణ సూచన చెబుతోంది. బృందంలో 70 ఏళ్లు దాటినవారు ఇద్దరు, కొత్తగా చేరినవారు కొందరు ఉన్నారు. నడకను రద్దు చేయాలా, చేయకపోతే ఏ జాగ్రత్తలతో నడిపించాలి, గడ్డకట్టిన చెరువు మీదుగా అడ్డంగా వెళ్లి దూరం తగ్గించుకోవచ్చా అని మీరు అడిగారు. రద్దు చేయనక్కర లేదు, కానీ మీరు గీసుకున్న దారిని మార్చాలి, బయలుదేరే వేళనూ మార్చాలి. చెరువు మీద మాత్రం ఒక్కరు కూడా అడుగు పెట్టకూడదు.

దాదాపు 20 చలికాలాలుగా ఇలాంటి నడకలను నడిపిస్తున్నవాడిగా ముందు ఒక్క మాట చెప్పనివ్వండి. గడ్డకట్టిన నేల మీద అసలు ప్రమాదం జారిపడటంలో కన్నా, జారిపడిన తరువాత అందరూ ఒకచోట ఆగిపోవడంలో ఉంది. నడుస్తున్న మనిషి ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. సున్నాకు దిగువన ఉన్న గాలిలో కూడా చురుకుగా గట్టు ఎక్కేవారికి చెమట పడుతుంది. అదే మనిషి పది నిమిషాలు కదలకుండా నిలబడితే ఆ వేడి తగ్గిపోతుంది, చెమట మాత్రం బట్టలోనే నిలిచి ఉంటుంది. వేడిని లాగేసే గుణం కదలని గాలికన్నా నీటికి దాదాపు 25 రెట్లు ఎక్కువ కాబట్టి, తడిసిన బనియను ఒంటిని కాపాడటం మానేసి ఒంటి వేడినే తోడేయడం మొదలుపెడుతుంది. వేసవిలో ఒకరి చీలమండ బెణికితే అది ఆ ఒక్కరి బాధ. ఇలాంటి రోజున అదే బెణుకు 15 మందినీ ఒకేచోట నిలబెట్టేస్తుంది, అరగంట తిరగకముందే మరో ఇద్దరిని రోగులుగా మారుస్తుంది. నేను ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ అలా ఆగిపోవడాన్ని తప్పించడానికో, తప్పనప్పుడు తట్టుకోవడానికో ఉద్దేశించినవే.

ఈ సంగతి నాకు తెలిసి వచ్చింది నా పొరపాటు వల్లనే. ఒక జనవరి ఉదయం 13 మందిమి పొలాల మీదుగా వెళుతున్నాం. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి పెద్దగా లేదు. ఒక కంచె దాటడానికి చెక్క మెట్లు ఉన్నాయి, వాటి అంచుల మీద గరుకైన ఉప్పు చల్లినట్టుగా తెల్లటి పేరుడు కనిపిస్తోంది. ముగ్గురు దాటారు. నాలుగో ఆవిడ కంచె మీద నుంచి దిగుతూ మెట్టు అంచున కాలు పెట్టగానే జారి, చెయ్యి నేలకు ఆనించి పడిపోయారు. మణికట్టు విరిగిందని చూడగానే తెలిసింది. మడతపెట్టిన కాగితపు పటాన్ని కట్టుబద్దగా పెట్టి, మఫ్లరుతో చేతిని మెడకు వేలాడదీసి, సాయం కోసం ఫోను చేశాను. వాహనం రావడానికి 50 నిమిషాలు పట్టింది. ఆ సేపంతా మిగిలిన 11 మందీ ఆమె చుట్టూ జాలిగా నిలబడి ఉన్నారు, నేనూ వారిని అలాగే ఉండనిచ్చాను. 25 నిమిషాలు గడిచాక, గోడ మీద కూర్చున్న ఒక కుర్రవాడు తన వీపు సంచి బకిలు తీయడానికి అదే పనిగా ప్రయత్నిస్తూ కనిపించాడు. బొటనవేలు బకిలు మీద ఆనుతోంది గానీ నొక్కలేకపోతోంది. ఏమైందని అడిగితే "ఏం లేదండీ" అన్నాడు, ఆ రెండు మాటలూ ముద్దగా వచ్చాయి. అంతకుముందు గట్టు ఎక్కినప్పుడు పట్టిన చెమటతో అతని నూలు చొక్కా వీపంతా తడిసి ఉంది. పొడి స్వెటరు వేసి, సంచి మీద కూర్చోబెట్టి, ఇద్దరి మధ్య అదిమి పట్టి, తియ్యటి వేడి టీ కొంచెం కొంచెంగా తాగించాక తేరుకున్నాడు. చెయ్యి విరిగిన ఆవిడకన్నా ఆ రోజు ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అతనే. ఇద్దరిని ఆమె దగ్గర ఉంచి, తక్కినవారిని దారి తెలిసిన మరొకరితో వెంటనే ముందుకు పంపి ఉండవలసింది, నేను ఆ పని చేయలేదు.

ఇక నేల సంగతి. మనం తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే నీటి బొట్లనూ మంచు అంటాం, ఎదుటి మనిషి కనబడకుండా కమ్మేసేదాన్నీ మంచు అంటాం, ఆకాశం నుంచి దూదిలా రాలేదాన్నీ, నీరు బిగిసి రాయిలా మారినదాన్నీ మంచనే అంటాం. నడిచేవారి పాదానికి మాత్రం ఇవన్నీ వేరువేరు. అప్పుడే కురిసిన పొడి మంచు మీద కాలు దిగబడుతుంది కాబట్టి పట్టు బాగానే దొరుకుతుంది. గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూడటానికి భయపెట్టినా, కింద గడ్డి పరకలు ఉండటం వల్ల అడుగు నిలుస్తుంది. పదిమంది తొక్కి చదును చేసిన మంచు, పగలు కరిగి రాత్రి మళ్లీ బిగిసిన నీరు, ఈ రెండే మనుషులను పడేసేవి. తారు రోడ్డు మీద పలుచగా గడ్డకట్టిన నీరు అద్దంలా ఉండి కింది రోడ్డు రంగునే చూపిస్తుంది కాబట్టి, అది తడి మాత్రమేనని కన్ను నమ్ముతుంది. రోడ్డు తడిగా మెరుస్తోంది, పక్కన గుంటలో నీరు మాత్రం గడ్డకట్టి ఉంది అనిపిస్తే, ఆ మెరుపు తడి వల్ల కాదని అనుకోండి.

పగలు 2 డిగ్రీలకు పెరుగుతుందన్న మాట మీకు ధైర్యం ఇచ్చినట్టుంది. నాకు ఇవ్వదు. వాతావరణ కేంద్రాలు కొలిచేది నేల నుంచి దాదాపు మనిషి ఛాతీ ఎత్తున ఉన్న గాలి ఉష్ణోగ్రతను. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి ఆ గాలికన్నా ఎన్నో డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే సూచనలో 3 డిగ్రీలు అని ఉన్న ఉదయం కూడా బాట మీద గడ్డకట్టిన నీరు కనబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది, మీ ఏటి గట్టు అలాంటి చోటే. వంతెనలు పైనుంచీ కిందినుంచీ వేడిని కోల్పోతాయి కాబట్టి మిగతా రోడ్డుకన్నా ముందు గడ్డకడతాయి. చెట్ల నీడ, ఎత్తైన కంచె నీడ, ఎండ తగలని వాలు మధ్యాహ్నమైనా మారవు.

సున్నాకు దగ్గరగా ఉన్న మంచుగడ్డ, గట్టి చలిలో ఉన్న మంచుగడ్డకన్నా ఎక్కువ జారుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. మంచుగడ్డ ఉపరితలం మీద సున్నాకు దిగువన కూడా నీటిలాంటి సన్నటి పొర ఒకటి ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ప్రతిపాదించారు. ఉష్ణోగ్రత సున్నాను సమీపించేకొద్దీ ఆ పొర మందమవుతుంది, ఎండ తగిలితే దాని మీద అసలైన నీరే నిలుస్తుంది. గట్టి గడ్డ మీద పలుచటి నీరు ఉన్నప్పుడు ఏ బూటు అడుగూ సరిగా పట్టదు. కాబట్టి మీ ఆదివారం ఉదయం 11 గంటలకు నేల మెరుగుపడి, మధ్యాహ్నం 3 దాటాక, కరిగిన నీరు మళ్లీ బిగిసేటప్పటికి, పొద్దున కన్నా పాడవుతుంది. మీ పథకంలో అలసిన కాళ్లతో తారు రోడ్డు మీద నడిచే చివరి 2 కిలోమీటర్లు సరిగ్గా ఆ వేళకే వస్తున్నాయి.

అందుచేత దారిని ఇలా మార్చమని నా సలహా. 12 కిలోమీటర్ల ఒకే పెద్ద చుట్టు బదులు, బయలుదేరిన చోటికే మధ్యలో ఒకసారి తిరిగి వచ్చేలా నాలుగేసి కిలోమీటర్ల రెండు చిన్న చుట్లు వేసుకోండి. మొదటి చుట్టు తరువాత అలసినవారు, చలి పట్టినవారు, ఇక చాలనుకున్నవారు ఎవరి దయా అక్కరలేకుండా, ఎవరి ముందూ చిన్నబోకుండా ఆగిపోవచ్చు. దారిలో ఎక్కడున్నా వాహనం రాగల రోడ్డుకు ఒక కిలోమీటరు లోపునే ఉండేలా చూసుకోండి. తారు రోడ్డు ముక్కను ఉదయానికి కాదు, సాయంత్రానికి కాదు, మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్యకు జరపండి. శనివారం అదే వేళకు మీరు ఒక్కరే కాకుండా మరొకరితో కలిసి వెళ్లి దారిని ఒకసారి నడిచి చూడండి, ముఖ్యంగా కంచె మెట్లు, వంతెనలు, గేట్ల దగ్గరి బురద చూడండి. గేట్ల దగ్గర పశువులు, బళ్లు తొక్కిన బురద రాత్రికి రాత్రి బిగిసి, మిట్టపల్లాలతో మొరటు రాళ్ల గుట్టలా తయారవుతుంది, చీలమండలు బెణికేది చాలావరకు అక్కడే.

కాలం లెక్క వేయడంలో కొత్తవారు చాలామంది తప్పు చేస్తారు. స్కాట్లండుకు చెందిన విలియం నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం గంటకు 5 కిలోమీటర్లు, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఒక గంట అదనం. అది మంచి నేల మీద, ఒంట్లో సత్తువ ఉన్నవారికి. గడ్డకట్టిన దారిలో 15 మంది బృందం నా అనుభవంలో గంటకు రెండున్నర, మూడు కిలోమీటర్లకు మించి నడవదు, ఎందుకంటే ఒక్కొక్క కంచె దగ్గరా ఒకరి తరువాత ఒకరు దాటాలి. ఒకరికి అర నిమిషం అనుకున్నా 15 మందికి ఏడెనిమిది నిమిషాలు. అలాంటి కంచెలు ఆరు ఉంటే ముప్పావు గంట అక్కడికక్కడే ఖర్చవుతుంది. ఆ ముప్పావు గంటలో ముందు దాటినవారు నిలబడి ఎదురుచూస్తూ ఉంటారన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. అందుకే నేను దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లకన్నా ముందు కంచెలను లెక్కబెడతాను. ఉదయం 10 దాటాక బయలుదేరి 2 గంటలకల్లా ముగించేలా వేసుకోండి, ఎక్కడ ఉన్నా 12:30కు వెనుదిరగాలన్న గడువును ముందే అందరికీ చెప్పండి. ముందే చెప్పిన గడువును ఎవరూ తప్పుపట్టరు, దారి మధ్యలో అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం మీద మాత్రం 15 అభిప్రాయాలు వస్తాయి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు అంటారు. మంచు మీద జారిన కాలును తీసుకోవడం కూడా అంత తేలిక కాదు కాబట్టి నడిచే తీరు గురించి కొంత వివరంగా చెబుతాను. మామూలు నడకలో మనం మడమను ముందుకు చాచి ఆనించి, బరువును వెనుక నుంచి ముందుకు తెస్తాం. గడ్డ మీద ఆ చాచిన మడమే ముందుకు పారిపోతుంది, మనిషి వెల్లకిలా పడతాడు. అడుగును సగానికి తగ్గించి, మోకాళ్లను కాస్త వంచి, పాదమంతా ఒకేసారి చదునుగా ఆనించి, ఒంటి బరువు ఎప్పుడూ ముందు పాదం మీద ఉండేలా నడవాలి. బాతు నడకలాగా పాదాలు కొంచెం బయటికి తిరిగి ఉండవచ్చు. చేతులు జేబుల్లో ఉండకూడదు. జేబులో చేతులున్నవారు తూలినప్పుడు నిలదొక్కుకోలేరు, పడినప్పుడు తలను కాచుకోలేరు. బాట మధ్యలో నున్నగా ఉంటే అంచున గడ్డి మీదికి మారండి. మనిషికీ మనిషికీ మధ్య రెండు మూడు మీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే ఒకరు పడుతూ ఇంకొకరిని పట్టుకుని ఇద్దరూ పడతారు. జారుడు చోటు ఎదురైనప్పుడు ఇక్కడ జారతామా అని మాత్రమే చూస్తే సరిపోదు, జారితే ఎక్కడికి వెళ్లి ఆగుతామో కూడా చూడాలి. చదునైన పొలంలో జారితే బట్టలు తడుస్తాయి, అంతే. ఏటి వైపు వాలిన గట్టు మీద జారితే వెళ్లి నీటిలో పడతారు. రెండోదాన్ని ఎంత చిన్న ముక్కైనా వదిలేసి చుట్టు తిరిగి వెళ్లండి.

బూట్ల అడుగున తగిలించుకునే సాధనాలలో ఇలాంటి నడకకు సరిపోయేవి గొలుసులకు సెంటీమీటరు పొడవున ఉక్కు ముళ్లు ఉండి, రబ్బరు పట్టీతో బూటు చుట్టూ బిగుసుకునే రకం. కొండలెక్కేవారు వాడే పొడవాటి ముళ్ల క్రాంపాన్లు గట్టి అడుగు ఉన్న బూట్లకే సరిపోతాయి, అలవాటు లేనివారు వాటి ముళ్లు తమ ప్యాంటుకే తగిలి పడతారు, కాబట్టి మీ నడకలో వాటికి చోటు లేదు. చిన్న ముళ్ల రకాన్ని ఇంట్లో ఒకసారి తొడిగి విప్పి చూసుకుని రమ్మని అందరికీ చెప్పండి, ఎందుకంటే చలికి రబ్బరు బిగుసుకుంటుంది, వేళ్లు మొద్దుబారతాయి, ఆ రెండూ కలిసిన చోట కొత్తవారు పది నిమిషాలు ఒంటికాలి మీద అవస్థ పడతారు. అవి లేనివారు బూటు మీద నుంచి పాత ఉన్ని మేజోడు తొడుక్కోవచ్చు. ఇది వట్టి చిట్కా కాదు, న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు గడ్డకట్టిన వాలు బాటల మీద మనుషులను నడిపించి చూసి, బూటు మీద మేజోడు పట్టును పెంచుతుందని 2009లో ప్రచురించారు. కొద్ది దూరం రోడ్డుకు, మెట్లకు అది పనికొస్తుంది, రోజంతా నడవడానికి మాత్రం చాలదు. చేతికర్ర ఉంటే మంచిదే, దాని కొనకు రబ్బరు టోపీ ఉంటే తీసేసి ఉక్కు మొనను బయటపెట్టాలి.

బట్టల విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే, ఒంటిని ఆనుకుని నూలు ఉండకూడదు. ఉన్నిగానీ, చెమటను బయటికి పంపే సింథటిక్ బట్టగానీ వేసుకోవాలి, జీన్సు ప్యాంటుతో వచ్చినవారిని నేను వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, వెచ్చగా ఉంటే పావుగంటలో చెమట పడుతుందని అర్థం. ఆగగానే కోటు వేసుకుని, కదలబోయే ముందు తీయాలి. చలి వేశాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. గాలిని తక్కువగా అంచనా వేయకండి. 2001 నుంచి అమెరికా, కెనడాలు వాడుతున్న సూత్రం ప్రకారం మైనస్ 5 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖచర్మానికి అది మైనస్ 13 లాగా తగులుతుంది. చేతి తొడుగులు రెండు జతలు ఉండాలి, ఒకటి తప్పకుండా తడుస్తుంది. ఫోను లోపలి జేబులో ఒంటిని ఆనుకుని ఉండాలి, చలికి బ్యాటరీ సత్తువ తగ్గి ఉన్నట్టుండి ఆగిపోతుంది. నీళ్ల సీసాను సంచిలో తలకిందులుగా పెట్టుకోండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత తెరిచేసరికి నోటి దగ్గర నీరు నీరుగానే ఉంటుంది.

బృందానికంతటికీ కలిపి మీరు మోయవలసినవి వేరు. కనీసం 2 లీటర్ల వేడి తియ్యటి పానీయం ఫ్లాస్కులలో, కూర్చోవడానికి మందపాటి చాపలు రెండు, ఎవరికైనా సరిపోయేంత పెద్ద కోటు ఒకటి, ప్రథమ చికిత్స సామగ్రి, తలకు కట్టుకునే టార్చిలైట్లు, విజిల్, కాగితపు పటం ఉండాలి. వీటన్నింటికన్నా విలువైనది ఒకటుంది. పదిమంది కలిసి తలల మీద నుంచి కప్పుకుని లోపల గుండ్రంగా కూర్చునే తేలికపాటి నైలాను గుడిసె లాంటిది అమ్ముతారు. మడిస్తే ఒక రొట్టె పొట్లమంత ఉంటుంది. అది కప్పుకున్న కొద్ది నిమిషాలకే లోపలి గాలి మనుషుల ఊపిరితో వెచ్చబడుతుంది. మణికట్టు విరిగిన ఆ రోజు తరువాత నేను మొదట కొన్నది అదే.

మనుషుల గురించి. 70 దాటిన ఇద్దరి గురించి మీరు ఆందోళన పడుతున్నారు. నాకు వారికన్నా కొత్తగా చేరిన పాతికేళ్లవారి గురించే ఎక్కువ ఆందోళన, ఎందుకంటే పెద్దవారు ఆచితూచి అడుగు వేస్తారు, తమకు చలి వేస్తే చెబుతారు. అయితే వయసుతో ఎముక పెళుసవుతుంది కాబట్టి ప్రతి ఒక్కరినీ, వయసుతో నిమిత్తం లేకుండా, శుక్రవారంలోగా విడిగా ఫోనులో అడగండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, ఎముకల బలహీనత ఉందా, ఉబ్బసం ఉందా, చలికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే స్వభావం ఉందా, ఈ మధ్య మోకాలికో తుంటికో ఆపరేషను జరిగిందా అని అడగాలి. నలుగురి ముందు అడిగితే నిజం చెప్పరు. ఎవరినైనా రావద్దని చెప్పవలసి వస్తే మర్యాదగా, కారణంతో, ముందు రోజే చెప్పండి. రక్తం పలుచబడే మందు వాడేవారు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేనట్టు కనిపించినా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నది బృందంలో కనీసం ముగ్గురికి తెలిసి ఉండాలి.

నడిపించే క్రమంలో మీరు ముందుండండి, అనుభవం ఉన్న మరొకరిని అందరికన్నా చివర ఉంచండి, చివరివారిని దాటి ఎవరూ వెనకబడకూడదు. ప్రతి కంచె దాటాక, ప్రతి మలుపు దగ్గర తలలు లెక్కపెట్టండి. మధ్యాహ్నం తిండికి ఒకేసారి అరగంట కూర్చోబెట్టవద్దు. ముప్పావు గంటకు ఒకసారి ఐదు నిమిషాలు ఆగి, ఏదో ఒకటి తిని, గుక్కెడు వేడిది తాగి కదలండి. ఆగిన ప్రతిసారీ ఒక్కొక్కరితో రెండు మాటలు మాట్లాడండి. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు వెళ్లడాన్నే హైపోథర్మియా అంటారు, దాని తొలి గుర్తులు నలుగురిలో ఉన్నప్పుడు తేలికగా కంటపడవు. ఎప్పుడూ మాట్లాడేవారు మౌనంగా ఉండటం, కారణం లేకుండా విసుక్కోవడం, చదునైన చోట తట్టుకోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ మనిషి బాగానే ఉన్నానని చెప్పినా నమ్మవద్దు. వణుకు ఉన్నంతవరకు ఒళ్లు పోరాడుతున్నట్టే. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి విషమించినట్టు. అలాంటి మనిషిని నడిపించకూడదు, ఒళ్లు రుద్దకూడదు, పడుకోబెట్టి, కదపవలసి వస్తే నెమ్మదిగా కదుపుతూ, వెంటనే అత్యవసర సాయం పిలవాలి.

ఎవరైనా పడితే లేపడానికి ఒక్కసారిగా నలుగురు ఎగబడకుండా చూడండి. అదే గడ్డ మీద రెండోవారు కూడా పడతారు. ముందు వారిని పడిన చోటే ఉండనిచ్చి, కదపగలరో లేదో అడిగి, వీలైనంత త్వరగా కింద చాపో, సంచో వేయండి. పైన ఎన్ని కోట్లు కప్పినా, గడ్డకట్టిన నేల కిందినుంచి వేడిని లాగుతూనే ఉంటుంది. చీలమండ దెబ్బతింటే బూటు విప్పవద్దు, అదే కట్టులా పనిచేస్తుంది, విప్పితే వాపు వల్ల మళ్లీ ఎక్కదు. మత్తు పానీయం వెచ్చదనం ఇస్తుందన్నది భ్రమ. చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని అది బయటికి పంపిస్తుంది. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకుండా చంకలో పెట్టి వెచ్చబెట్టాలి. ఇద్దరిని దెబ్బ తగిలినవారి దగ్గర ఉంచి తక్కినవారిని మరొకరితో దగ్గరి దారిలో పంపేయండి, వెళ్లలేకపోతే అందరినీ ఆ నైలాను గుడిసెలోకి చేర్చండి. ఫోను అందని చోట నిమిషానికి ఆరుసార్లు విజిల్ ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదడం ఆపద సంకేతం. నిమిషానికి మూడుసార్లు వినిపిస్తే అది జవాబు.

చెరువు సంగతి చివరికి ఉంచాను, దానికి చర్చ అక్కర లేదు కాబట్టి. నడిచే మనిషి బరువుకు పారదర్శకంగా, గట్టిగా ఉన్న గడ్డ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలని చెబుతారు, తెల్లగా బుడగలతో ఉన్న గడ్డకు ఆ బలంలో సగమే ఉంటుంది. మైనస్ 4 డిగ్రీల రాత్రులు ఒకటి రెండు వస్తే ఏ చెరువూ అంత మందం కట్టదు, కట్టినా నీరు వచ్చి కలిసే చోట, రెల్లు మొలిచిన చోట పలుచగానే ఉంటుంది. బృందంలో కుక్కను తెచ్చేవారు ఉంటే నీటి దగ్గర గొలుసు విడవకూడదని ముందే చెప్పండి, గడ్డ మీదికి వెళ్లిన కుక్క వెనుక యజమాని వెళ్లి మునిగిన ఘటనలు పదే పదే జరుగుతూనే ఉన్నాయి. ఒకవేళ ఎవరైనా పడితే, కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన లెక్క గుర్తుంచుకోండి. మొదటి నిమిషం ఎగశ్వాసను అదుపు చేసుకోవడానికి, తరువాతి 10 నిమిషాలు చేతులు కాళ్లు పనిచేసే వ్యవధి, చలికి స్పృహ తప్పడానికి దాదాపు గంట. అంటే గట్టున ఉన్నవారు తొందరపడి గడ్డ మీదికి పరుగెత్తనక్కర లేదు. నీటిలో ఉన్నవారిని వచ్చిన దిక్కుకే తిరిగి, కాళ్లు వెనక్కి తన్నుతూ, పొట్ట మీద పాకి బయటికి రమ్మని కేకవేసి చెప్పాలి, గట్టున పడుకుని కర్రనో మఫ్లరునో అందించాలి.

నిర్ణయం మూడుసార్లు తీసుకోండి: శనివారం దారి చూసి వచ్చాక, ఆదివారం ఉదయం 7 గంటలకు, బయలుదేరే చోట అందరూ చేరాక. తెల్లవారుజామున గడ్డకట్టే వాన కురిస్తే మాత్రం ఆలోచించకుండా రద్దు చేయండి, అలాంటప్పుడు నడకకన్నా ముందు అక్కడికి చేరుకునే ప్రయాణమే ప్రమాదం. ఆ మూడోసారి, బళ్లు ఆపిన చోట అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఎవరి బూటు అడుగు అరిగిందో, ఎవరి సంచిలో రెండో జత తొడుగులు లేవో మీ కళ్లతో చూడండి. నడక ముగిశాక చివరి మనిషి బండి స్టార్టయి కదిలేదాకా మీరూ, చివర నడిచినవారూ అక్కడే ఉండండి. ఆ చలిలో బండి కదలక ఒంటరిగా మిగిలిపోయినవారి బట్టలు కూడా చెమటతో తడిసే ఉంటాయి.